పొట్టు రాలితే టాటూ పోయినట్టేనా?

(టాటూ షాపులో కుర్చీ మీద కూసొని, కెమెరా దిక్కు చూస్తూ)

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు. నల్లగొండ నుంచి మాట్లాడుతున్న.

నా వాట్సాప్‌కు ఒకటే రకం ఫోటో మళ్ల మళ్ల వస్తది. చెయ్యి మీద కొత్త టాటూ, దాని మీదికెల్లి నల్లగ లేస్తున్న పొట్టు, కింద మెసేజు: "అన్నా, రంగు రాలిపోతుంది, ఏం చెయ్యాలె?" అడిగేలోపే ఆయన చేసేది చేసేసి ఉంటడు. పసుపు పూసుంటడు, దాని మీద క్రీము మెత్తుంటడు, నీళ్లు తగిలితే ఇంకింత పోతదేమోనని కడుగుడు బందు పెట్టుంటడు. తమ్మీ, రంగు పోలే. కానీ నువ్వు ఇట్లనే చేస్తే మాత్రం పోతది.

అసలు రంగు యాడుంటదో చూద్దాం.

(స్క్రీన్ మీద: చర్మం పొరల బొమ్మ)

పైన కనపడే పొర చానా పలచన. కాయితం మందం అనుకోండ్రి. ఈ పొర ఎప్పుడూ రాలుతనే ఉంటది, సుమారు నెల తిరిగేసరికి కొత్తది వస్తది. రంగు దాంట్ల ఉంటే మీ టాటూ నెలకే మాయం. అందుకే సూదిని ఆ పొర దాటించి, కింది పొరల దించుతం, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు. పోయేటప్పుడు సూది పై పొరల గూడ కొంత రంగు ఇడుస్తది గదా? మీకు పొట్టుల కనపడే నలుపు గదే. అది ఎట్లైనా రాలాల్సిందే, మీ బొమ్మకు దానితోని పని లేదు.

ఇగ మనోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్త. వరి నాటు.

నాటేసిన తెల్లారి మడి చూడుండ్రి. నారుమడిల నిగనిగలాడిన నారు, నాటేసినంక వాలిపోయి పసుపుపచ్చగ పాలిపోతది. పట్నంల పుట్టినోడైతే పంట సచ్చిందనుకుంటడు. రైతు ఏమనుకోడు. మూన తిరగాలె, కొత్త వేరు పట్టాలె, అప్పటిదాకా గట్లనే ఉంటదని ఆయనకు ఎరుక. టాటూ గూడ అంతే. మొదటి రెండు మూడు రోజులు మంట, వాపు, రంగు కలిసిన నీరు కారుడు. నాలుగైదు రోజులకు పొట్టు, దురద. రెండో వారం నుంచి పైన పాలపొర కమ్మినట్టు మసకగుంటది. అగో, గప్పుడే అందరు నాకు ఫోన్ చేస్తరు. మూన తిరగలేదు బాబూ, ఆగు. పైన చర్మం మూసుకునేసరికి రెండు నుంచి నాలుగు వారాలు పడతది, లోపల సర్దుకునేసరికి ఇంకా నెలలు పట్టొచ్చు.

మరి లోపల రంగును ఎవరు పట్టుకుంటున్నరు? మడిల బురద నారును పట్టినట్టు, మన ఒంట్ల మాక్రోఫేజ్ అని కణాలు ఉంటయి. బయటి సరుకు ఏదొచ్చినా మింగేసుడే వాటి పని. రంగు రేణువులను మింగుతయి గానీ అరిగించుకోలేవు, కడుపుల పెట్టుకొని అక్కడనే కూసుంటయి. 2018లో ఫ్రాన్స్‌ల మార్సెయ్ పరిశోధకులు ఎలుకల మీద చూసిండ్రు. ఆ కణం సచ్చిపోతే రంగు బయట పడతది, పక్కకు కొత్తగ వచ్చిన కణం దాన్ని మళ్ల మింగుతది. అంటే మీ చేతి మీది పేరు తరాల కొద్దీ చేతులు మారుకుంట నిలుస్తున్నది. నాకైతే ఇది విన్నప్పుడు మస్తు అనిపించింది. గింత పని లోపల నడుస్తుంటే, మనం పైనుంచి పసుపు పూసి రంగును కాపాడుతమా?

ఇగ నీళ్ల సంగతి, అందరు తప్పు చేసేది ఇక్కడనే. నాటేసిన మడికి నీళ్లెట్ల పెడతరు? పలచగ. నిండ పెడితే నారు మురుగుతది, ఎండబెడితే సస్తది. టాటూకు రోజుకు రెండు మూడుసార్లు కడుగుడు కావాలె. చేతులు ముందు సబ్బుతోని కడుక్కొని, వాసన లేని సబ్బు నురుగుతోని మెల్లగ, గోరువెచ్చని నీళ్లు. టవల్‌తోని రుద్దొద్దు, శుభ్రమైన టిష్యూతోని అద్దాలె. ఆరినంక వాసన లేని మాయిశ్చరైజర్, కనపడీ కనపడకుండ. వేలు పెట్టి చూస్తే జారొద్దు, అంత పలచగ. మందం పూస్తే గాలాడక పక్కు నానుతది, నానిన పక్కు ఊడితే దానితోని లోపలి రంగు గూడ వస్తది.

బకెట్ నీళ్లతో స్నానం చెయ్యొచ్చు. మునుగుడే వద్దు. మోటబావిల దుంకుడు, సాగర్ కాల్వల ఈత, బీచుపల్లి కాడ కృష్ణల మునుగుడు, చెర్వుగట్టు గుండంల స్నానం, పూర్తిగ మానేదాకా ఏదీ వద్దు. దేవుడేమనుకోడు, నెత్తి మీద చెంబెడు నీళ్లు పోసుకోండ్రి.

మన జిల్లా ప్రశ్న ఒకటుంది: "అన్నా, మా బోరుల ఫ్లోరైడ్, దాంతోని కడిగితే రంగు మారుతదా?" ఫ్లోరైడ్ తాగితే ఎముకలను, పండ్లను తింటది, దాని బాధ మనకన్నా ఎక్కువ ఎవరికి ఎరుక. తోలు కడుక్కుంటే రంగుకు ఏం గాదు. తొట్టిల నాలుగు రోజులు నిలవున్న నీళ్లకే భయపడాలె.

పసుపు గురించి కొట్లాటకు రాకుండ్రి. నేను గూడ కూరల వేసుకుంట. వంటింటి డబ్బాల పసుపు శుభ్రం చేసిన మందు గాదు, చెంచాలు, తడి చేతులు పడుతుంటయి. పచ్చి పుండు మీద పొడి పోస్తే అంటుకొని గట్టి పక్కు కడతది. "మా అవ్వ పచ్చబొట్టుకు ఏం క్రీము పూసిండ్రు?" అంటరు. మీ అవ్వకు నొసటి మీద మూడు చుక్కలు. నీకు భుజం నుంచి మణికట్టు దాకా సింహం. పుండు సైజు లెక్క చూడు. పైగా అప్పట్ల ఎంతమందికి చీము పట్టిందో లెక్క రాసినోళ్లు లేరు.

ఇంకొకటి, మెడికల్ షాపుల అడగంగనే చేతిల పెట్టే స్టెరాయిడ్ క్రీము. దురద తగ్గుతది, నిజమే. కానీ అది చర్మం కాపలాను తగ్గించి, పుండు మానుడును గూడ ఆలస్యం చేస్తది. డాక్టర్ రాసిస్తే తప్ప ముట్టొద్దు. దురదకు శుభ్రమైన తడి గుడ్డ పెట్టండ్రి. గోకుడంటే మూన తిరగని నారును పీకి వేరు చూసుడే.

పొలం పనులకు పోయేటోళ్లు వినుండ్రి. పిక్క మీద కొత్త టాటూ పెట్టుకొని బురదల దిగొద్దు. పేడ, బురద, మందు కొట్టుడు, పత్తి ఏరుడు... ఈ నాటు మూన తిరిగినంకనే ఆ నాటు. యాసంగి నాట్ల ముంగట వచ్చేటోళ్లను నేను "కొన్ని రోజులు ఆగి రా" అని పంపుత. గిరాకీ పోయినా సరే.

(ఫోన్ చూసుకుంటూ) ఇగో, టైం అయిపోతాంది, జల్ది జల్ది.

ఎండ: మే నెలల 44, 45 డిగ్రీలల్ల బండి మీద పోతే వదులు కాటన్ ఫుల్ చేతుల చొక్కా. మానేదాకా సన్‌స్క్రీన్ పెట్టొద్దు, మానినంక రోజూ పెట్టాలె, ఎండకే రంగు ఎలిసేది. వంటింటి ప్లాస్టిక్ చుట్టుడు కొన్ని గంటలే, రోజుల కొద్దీ గాదు, చెమటకు ఉడుకుతది. షాపుల వేసే సెకండ్ స్కిన్, అంటే తోలుకు అంటుకునే పలచని పొర, వేరే, అది కొన్ని రోజులు ఉండొచ్చు. దాని అంచుల నుంచి నీరు కారితే మాత్రం తీసేయాలె, గోరువెచ్చని నీళ్ల కింద మెల్లగ. పొద్దున లేచేసరికి దుప్పటి అంటుకుంటే గుంజొద్దు, తడిపి తియ్యండ్రి.

దవాఖానకు ఎప్పుడంటే: మూడు రోజులైనంక ఎరుపు తగ్గకుండ చుట్టూ పాకుతుంటే, ముట్టుకుంటే కాలుతుంటే, చీము, జ్వరం, పైకి ఎర్రటి గీతలు వస్తే అదే రోజు పోవాలె. నాకు ఫోటో పంపి కూసోవద్దు, నేను డాక్టర్‌ను గాదు. షుగర్ ఉన్నోళ్లు వేయించుకునే ముందే డాక్టర్‌ను అడగాలె.

జాతరల సూది గురించి ఒక్క మాట. కురుమూర్తిల, పెద్దగట్టుల ఒకే సూదితోని వరసబెట్టి వేసేటోళ్లు కనపడితే మర్లి రాండ్రి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి ఆ సూది మీదనే వస్తయి. ఎంత కడిగి, ఎంత క్రీము పూసినా తర్వాత తియ్యలేం. మంచి షాపుల వేయించుకున్నా ఏడాది దాకా రక్తదానం చెయ్యకుండ్రి, క్యాంపుల అడిగితే దాచకుండ చెప్పండ్రి.

టచప్‌కు నెల దాటినంకనే రాండ్రి, ముందొస్తే నేను ముట్టను. తీసేసే లేజర్ గురించి కామెంట్ల అడుగుతున్నరు, అది పెద్ద కథ, వచ్చే వీడియోల. అగో, గిరాకొచ్చింది. ఉంట మరి.