పులి కనబడకపోతే ఏం చూపించాలి?

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కల్వకుర్తి నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే మేడం. నేను టీచర్‌ని. శ్రావణంలో పిల్లల్ని నల్లమల అడవిలో ఉన్న మల్లెలతీర్థం జలపాతానికి తీసుకుపోతున్నాం. పులి కనబడుతదా అని ఒకటే అడుగుతున్నారు. నాకేమో పురుగులు, సాలీళ్లు చూపించాలనుంది. ఎట్ల మొదలుపెట్టాలి?

నిపుణురాలు: మంచి పని సార్. ఎక్కువ దూరం నడిపించకండి. ఒక పెద్ద చెట్టు దగ్గర పది నిమిషాలు ఆపండి. బెరడు సందులు, ఆకుల అడుగు భాగం చూడమనండి. ముందుగా కాళ్లు లెక్కపెట్టించండి. ఆరుంటే కీటకం, ఎనిమిదుంటే సాలీడు కుటుంబం. తొలకరికి వచ్చే ఆరుద్ర పురుగు అందరికీ తెలుసు కదా, దానికీ ఎనిమిదే!

వానాకాలంలో నల్లమలలో చెట్ల మధ్య పెద్ద గూడు కడుతుంది ఒక సాలీడు. ఎండ పడితే దారాలు పసుపుపచ్చగా మెరుస్తాయి. మధ్యలో తల కిందికి పెట్టి ఉండేది ఆడది, కాళ్లు చాపితే అరచేతికంత. ఆ గూట్లోనే పై అంచున చిన్న గోధుమరంగు సాలీడు ఉందేమో చూడండి. చాలామంది పిల్ల అనుకుంటారు, అది మగది. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

శ్రోత: కుడితే మేడం? తల్లిదండ్రులకు అదే టెన్షన్.

నిపుణురాలు: దాని విషం పురుగుల కోసం. మనం ముట్టుకోకపోతే మన జోలికి రాదు. నేను భయపడేది తేళ్లు, జెర్రులకు. రాళ్లు, మొద్దులు చేత్తో ఎత్తనివ్వకండి. వెంట్రుకల గొంగళిపురుగుల్ని తాకితే దురద. బూట్లు, నిండు చేతుల చొక్కాలు వేయించండి. దారి దిగి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి ఒక విద్యార్థిని.

శ్రోత: నీలం రంగు సాలీడు మన అడవిలో ఉంటదా మేడం?

నిపుణురాలు: దాన్ని 1899లో గుత్తిలో దొరికిన నమూనాతో మొదటిసారి వర్ణించారమ్మా. తర్వాత సుమారు వందేళ్లు ఆచూకీ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది కాబట్టి ఆ చెట్లు కొడితే దానికి చోటే లేదు. అంతరించే ముప్పు తీవ్రంగా ఉంది. పైగా పెంచుకోవడానికి కొనేవాళ్లున్నారు. ఎప్పుడైనా కనబడితే ఫొటో తీసుకో తల్లీ, కానీ ఏ చెట్టు, ఎక్కడ అన్నది మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేసే ఫొటో తియ్యి.