గడికో మాట

నమస్కారం.

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మేముండే ఇంట్లో, వంటగది తలుపు వెనకాల ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఒంగోలు నుంచి అమ్మ పంపించింది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ అచ్చయ్యాక గడిలో ఇంకా కాస్త చోటు మిగులుతుంది చూడండి, అందులో నేను పాల లెక్క రాస్తాను. రెండు ప్యాకెట్లు తీసుకుంటే రెండు గీతలు, ఊరెళ్తే సున్నా, గ్యాస్ బండ మార్చిన రోజు పక్కన 'గ్యా' అని. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ గడి గురించే. కొత్తగా పెళ్లైనవాళ్లు నెలకింత అని లక్ష్యాలు పెట్టుకోవడం గురించి చెప్పమన్నారు. నాకు తెలిసిన లక్ష్యాలన్నీ ఆ పాల గీతల పక్కనే పుట్టాయి, కొన్ని అక్కడే పోయాయి కూడా.

మాఘమాసంలో మా పెళ్లి, ఉగాది వెళ్లాక కాపురం. కొత్త కాపురం, కొత్త ఊరు, కొత్త డైరీ, ఇంక ఆగుతానా! ఏప్రిల్ నెలకని ఏకంగా పదకొండు రాశాను. రోజూ గంట నడక, నెలకు పదివేలు పొదుపు, పెళ్లి విందుల్లో పెరిగిన ఐదు కిలోలు దించడం, స్కూటీ, కన్నడం, ఉండ కట్టకుండా రాగి సంగటి, ఓళిగలు (మా ఆయన వాళ్లది హిందూపురం, మనం బొబ్బట్లు అనేవాటిని వాళ్లు ఓళిగలంటారు), అత్తయ్యకి రోజూ ఫోను, ఇలా సాగింది జాబితా. నెలాఖరుకి తేలిందేమిటంటే, బరువు తగ్గలేదు కానీ పెరగనూ లేదు. మిగతా పదీ సున్నా.

మే నెలలో ఒక ఆదివారం కరెంటు పోయి ఏమీ తోచక ఆ పేజీ మళ్లీ తీశాను. ఒక్కోదాని పక్కన, ఇది ఎవరి కోసం రాశాను అని పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. మా ఆయన కోసం మూడు, అత్తయ్య మెచ్చుకోవాలని మూడు, అమ్మ దెబ్బలాడకూడదని రెండు, ఫోన్లో ఎవరిదో వీడియో చూసి ఒకటి. అచ్చంగా నావి రెండు తేలాయి, స్కూటీ, కన్నడం. పెళ్లైన కొత్తలో ప్రతిదీ 'మనం' అయిపోతుంది కదా, మన పొదుపు, మన ఆరోగ్యం, మన ఊరు ప్రయాణం. అందులో తప్పేమీ లేదు. కానీ వ్యక్తిగత లక్ష్యం అని పైన పేరు రాసి కింద ఊరందరి కోరికలూ నింపితే, నెలాఖరుకి అది జరగకపోయినా మనకి బాధ ఉండదు, ఎందుకంటే అది మనది కాదు కాబట్టి. నాకైతే నిజంగానే బాధ కలగలేదు, అప్పుడే అనుమానం వచ్చింది.

ఇంకో సంగతి. నెల అంటే ఒకటో తారీఖున మొదలవుతుందని ఎవరన్నారో గానీ, జీతగాళ్ల ఇంట్లో అలా జరగదు. ఐదో తారీఖు దాకా మన చేతిలో ఉన్నది మనది కాదు. అద్దె, మెయింటెనెన్స్, పాలవాడు, పనమ్మాయి, అందరూ అయ్యాక మిగిలిందే నెల. అయితే ఆ ఐదుకి ఒక ఉపయోగం ఉంది. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే పొదుపు) ఖాతా ఉన్నవాళ్లకి, ఐదో తారీఖు నుంచి నెలాఖరు మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్కేస్తారు. అంటే ఐదు లోపల వేసిన డబ్బుకి ఆ నెల వడ్డీ వస్తుంది, ఆరున వేస్తే రాదు. నేను ఆడిటర్ దగ్గర పనిచేస్తాను, అందరికీ ఇది చెబుతాను, నా సొంత ఖాతాలో మాత్రం ఏప్రిల్లో ఇరవయ్యో తారీఖున వేశాను. రైలు టికెట్లు కూడా అంతే. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. పండక్కి ఒంగోలా, హిందూపురమా అనే చర్చ రెండు నెలల ముందే ముగించుకోకపోతే, ఆ నెల లక్ష్యం కాస్తా వెయిటింగ్ లిస్టు చూసుకోవడమే అవుతుంది. దానికి తోడు కొత్త జంట అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తారు, మొహమాటానికి మూడోసారి వడ్డించుకుంటాం, ఆ ఐదు కిలోల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అసలు దారి నాకు శ్రావణమాసంలో దొరికింది. పెళ్లైన ఆడపిల్లలు ఐదేళ్లపాటు శ్రావణ మంగళవారాల్లో మంగళగౌరీ వ్రతం చేస్తారు కదా. మొదటి వారం ఒంగోల్లో అమ్మ దగ్గరుండి చేయించింది, మిగతావి సెలవుల్లేక ఇక్కడే. మా ఇంటి లెక్క ప్రకారం మొదటి ఏడు ఐదుగురు ముత్తయిదువులకి వాయనం ఇవ్వాలి, రెండో ఏడు పదిమందికి, మూడో ఏడు పదిహేనుమందికి, అలా ఐదో ఏటికి ఇరవై ఐదుగురు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ మంగళవారం పొద్దున్న శనగలు నానబోసుకుని కూర్చుని, ఈ బిల్డింగులో నాకు తెలిసిన ఐదుగురు ఆడవాళ్లెవరా అని వేళ్ల మీద లెక్కపెడితే రెండు దగ్గరే ఆగిపోయాను. ఇరవై ఐదుగురితో మొదలుపెట్టమని ఉంటే ఆ వ్రతం అక్కడితో వదిలేసేదాన్నేమో. ఐదుగురే కాబట్టి మెట్లు దిగి, సిగ్గు విడిచి, తలుపులు కొట్టాను. కింది ఇంటి ఆంటీ కన్నడావిడ, ఆవిడకీ ఈ వ్రతం ఉంది, నాకంటే బాగా తెలుసు కూడా. జ్యోతి మీద కాటుక పట్టడానికి నేను చాకు తిప్పుతుంటే నా చేతిలోంచి లాక్కుని ఆవిడే పట్టింది. నేను పదకొండు లక్ష్యాలతో మొదలుపెట్టానే, ఎవరి బుద్ధి మెరుగు చెప్పండి.

అదే రోజు ఆవిడ నన్ను అడిగింది, "హాలు బంతా?" అని. హాల్లో బంతి ఏమిటో నాకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను. పాలు వచ్చాయా అని అడుగుతోందని మా ఆయన రాత్రి చెప్పాడు. హిందూపురం మనిషి కదా, కన్నడం ఆయనకి నీళ్లు తాగినంత సులువు. అందుకే ఐదు నెలలుగా ఆటో, ప్లంబరు, ఇంటి ఓనరు, అందరితో ఆయనే మాట్లాడుతున్నాడు, పక్కన నేను తలూపుతున్నాను. నా కుళాయి కారితే నా మాట మీద ప్లంబరు రాడు. ఆ రాత్రే భాద్రపదానికి ఒకే ఒక్క లక్ష్యం అనుకున్నాను, గడికో కన్నడ మాట. పాల గీతల కింద.

మొదట రాసింది హాలే. తర్వాత ఒక కిటుకు పట్టుబడింది, మన 'ప' వాళ్లకి చాలాచోట్ల 'హ'. పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు. పాత కన్నడంలో వాళ్లవీ ప-కారాలేనట, రాను రాను హ అయ్యాయి. అది తెలిశాక ఒక్క వారంలో పది మాటలు వాటంతటవే వచ్చేశాయి. కూరగాయల బండి దగ్గర మాత్రం పరువు పోయింది. 'కొడి' అంటే ఇవ్వండి అని. నేను దీర్ఘం తీసి, "అర్ధ కేజీ కోడి" అన్నాను, బెండకాయలు చూపిస్తూ. బండాయనకి తెలుగు వచ్చు, పాపం నవ్వాపుకున్నాడు. బెండకాయలు తూకం వేసి "సాకా?" అన్నాడు. చాలా అని అడగడం. మనకేమో సాకు అంటే వంక. ఆ మాట రాసుకున్న గడిలో నేను కన్నడ అర్థం, తెలుగు అర్థం రెండూ రాశాను, నాకు రెండూ అవసరమే మరి.

ఇక్కడో గొడవ కూడా జరిగింది, అది దాచడం ఎందుకు. మా ఆయన ఉత్సాహంగా రోజూ రాత్రి భోజనాల దగ్గర, "ఈరోజు మాటేది, చెప్పు చూద్దాం" అనేవాడు. నేను చెప్పేదాన్ని, ఆయన పలుకు సరిచేసేవాడు, మళ్లీ అనమనేవాడు. నాలుగో రోజుకే అది నా లక్ష్యం కాకుండా హోంవర్కు అయిపోయింది. వరుసగా ఆరు రోజులు గడులు ఖాళీ. ఒక రాత్రి సంగటి ఉండ కట్టిన చిరాకంతా ఆయన మీద చూపించి, "నువ్వు నాకు మొగుడివా, ఇన్‌స్పెక్టరువా?" అనేశాను. ఆయన తక్కువేం తినలేదు, "నేను ఏడింటికి ఆఫీసు నుంచి బయటపడతానని అనుకుంటే, నువ్వు ఆరూ యాభై నుంచీ బయల్దేరావా బయల్దేరావా అని ఫోన్లు చేయట్లేదా?" అన్నాడు. నిజమే. చేశాను. రెండు రోజుల్లో తొమ్మిదిసార్లు, లెక్కేసి చూపించాడు.

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరి గడి వాళ్లది. చదవొచ్చు, అడగకూడదు. సాయం కావాలంటే కావాల్సినవాళ్లే నోరు తెరిచి అడగాలి, అది కూడా ఫలానా సాయం అని. నేను అడిగింది ఒకటే, శనివారం కూరగాయలకి నాతో రావద్దు. ఆయన అడిగింది, ఆలస్యమైన రోజు అన్నం హాట్‌బాక్సులో పెట్టేసి, నేను నా భోజనం కానిచ్చి పడుకోవాలని. వింటున్నవాళ్లలో కొత్త జంటలుంటే నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క ఒప్పందమే, మిగతావి మీ ఇష్టం.

మరి ఆ ఆరు ఖాళీ గడుల మాటేమిటి అంటారా. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో 96 మందితో ఒక పరిశోధన చేశారు, 2009లో బయటికొచ్చింది. తలా ఒక చిన్న అలవాటు ఎంచుకుని, అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. సగటున 66 రోజులు. మనిషిని బట్టి, అలవాటుని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. అంటే నెల తిరిగేసరికి అలవాటు కాలేదని నన్ను నేను తిట్టుకోవడం లెక్క ప్రకారమే తప్పు. ఒక రోజు మధ్యలో తప్పితే పెద్ద తేడా రాలేదని కూడా వాళ్లు చెప్పారు. నాది ఆరు రోజులనుకోండి, అయినా మర్నాడు పెన్ను తీశాను. భాద్రపదంలో ముప్ఫైకి ఇరవై రెండు మాటలు.

రోజూ చేసేవి కాక, ఒక్కసారి కూర్చుంటే అయిపోయే పనులు కొన్నుంటాయి, వాటికి నెల అక్కర్లేదు, ఒక పూట చాలు. ఇద్దరిలో ఎవరికి పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి, దాన్నే ఈపీఎఫ్ అనీ అంటారు) ఉన్నా నామినేషన్, అంటే మన తర్వాత ఆ డబ్బు ఎవరికి చెందాలో రాసిచ్చేది, చూసుకోండి. 1952 నాటి ఈపీఎఫ్ పథకం నిబంధన ఏమంటుందంటే, పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇచ్చి తీరాలి. నా కాగితంలో అమ్మ పేరుంది, అలాగే ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను, ఆశ్వయుజం వచ్చేదాకా. ఆన్‌లైన్లో ఫొటో పెట్టి, ఆధార్ ఓటీపీతో సంతకం చేస్తే అయిపోయింది. ఫొటో సైజు కుదరక మా ఆయన పెళ్లి ఫొటోలోంచి బాసికం కత్తిరించడానికి పట్టిన సమయమే ఎక్కువ.

స్కూటీ ఇంకా రాలేదు. లైసెన్సుకి వెళ్లాలి, బెంగళూరు రోడ్లు చూస్తే కాళ్లు ఆడవు. మార్గశిరం గడిలో రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. పోయిన వారం కుళాయి కారితే ప్లంబరుకి నేనే ఫోన్ చేశాను. "నల్లి సోర్తా ఇదె" అన్నాను, రెండుసార్లు అనాల్సి వచ్చింది, వచ్చాడు. ఈ నెల మొదటి గడిలో ఇంకో మాట కూడా రాశాను, అదేంటో ఇక్కడ చెప్పను. నిన్న రాత్రి మా ఆయన మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి, తలుపు వెనక కాసేపు నిలబడి దాన్ని చదివాడు. నోటిదాకా వచ్చినట్టే ఉంది. పెన్ను తీసుకుని, నేను మర్చిపోయిన పాల గీతలు రెండు గీసి, లైటు ఆపి వెళ్లిపోయాడు.

నమస్కారం.