శెనక్కాయల తిరనాళ్లలో దొరికిన లవ్ సీన్ | బెంగళూరు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల గోల వినబడుతోంది కదా, కాస్త ఓర్చుకోండి. బసవనగుడిలో ఉన్నాను, బుల్ టెంపుల్ రోడ్డు. కార్తీక మాసం ఆఖరి సోమవారం, కడలెకాయి పరిషె, అంటే మన శెనక్కాయల తిరనాళ్లు. రోడ్డుకి రెండు పక్కలా శెనక్కాయల గుట్టలే. కర్ణాటక పల్లెల నుంచే కాదు, మన ఆంధ్రా నుంచీ తమిళనాడు నుంచీ కూడా సరుకు వస్తుంది. కొత్త పంట ముందు ఈ గుడిలోని నందికి, అదే బసవన్నకి సమర్పించడం ఇక్కడి ఆచారం. మాది అనంతపురం. శెనక్కాయలు చూడ్డానికి నువ్వు బెంగళూరులో తిరనాళ్లకి పోవాల్నా అని మా అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు.

నేనొచ్చింది శెనక్కాయల కోసం కాదులే. నా సీరియల్ చదివేవాళ్లు ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది, "అక్కా, ఆ లవ్ సీన్లు ఎక్కడ పట్టుకొస్తావు?" అని. ఇదిగో, ఇట్లాంటి చోట్లే. బెలూన్లు, కేకు, మోకాలి మీద కూర్చుని ఉంగరం తొడగడం, ఇవన్నీ నాకు రాయబుద్ధి కాదు. రాసినా ఎక్కడో రీల్‌లో చూసినట్టే ఉంటుంది. అందులో ఆ ఇద్దరే ఉండాల్సిన పనిలేదు, ఎవరిని నిలబెట్టినా సీన్ నడిచిపోతుంది.

ఇందాక ఒక పెద్దాయన, పెద్దావిడ గుడి మెట్ల దగ్గర గట్టు మీద కూర్చున్నారు. వాళ్లని వీడియో తీయలేదు, అడగకుండా ఎట్లా తీస్తాం? కెమెరా బ్యాగులో పెట్టేసి చూశాను. మాట తెలుగే, కానీ తరాల నుంచి ఇక్కడే ఉన్న ఇళ్లలో వినిపించే తెలుగు, మధ్యమధ్యలో కన్నడ ముక్కలు. ఆయన చేతిలో రెండు పొట్లాలు. ఒకటి వేయించినవి, ఒకటి ఉడకబెట్టినవి. వేయించినవి ఆయనకి, ఉడకబెట్టినవి ఆవిడకి. పళ్లు కట్టించుకున్నట్టున్నారు ఆవిడ, గట్టివి నమలలేరు. ఆయన ఉడికిన కాయని బొటనవేలితో నొక్కి, లోపలి ఉప్పునీళ్లు పక్కకి కార్చేసి, గింజల్ని అరచేతిలో వేసుకుని ఒకసారి చూస్తున్నాడు. నిండుగా ఉన్న గింజ ఆవిడ చేతిలోకి, ముడుచుకుపోయిన తాలు గింజ తన నోట్లోకి. ఆ పని జరుగుతున్నంతసేపూ వాళ్ల మాటలేంటో తెలుసా? మేడ మీద నీళ్ల ట్యాంకు లీకేజీ. ప్లంబర్‌ని రమ్మంటే రాలేదని ఆవిడ విసుక్కుంటోంది, వస్తాడులే అని ఆయన. ఆవిడ చేతిలోకి చూడను కూడా చూడట్లేదు. గింజ వచ్చి పడుతోంది, తినేస్తోంది.

నాకు కావాల్సింది ఆ నీళ్ల ట్యాంకే. ఇదే సీన్ కొత్తగా రాసేవాళ్ల చేతిలో పడితే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, ఆయన "నీ కోసమే కదే" అంటాడు, అంతటితో సీన్ చచ్చిపోతుంది. చేస్తున్నవాడికి తాను చేస్తున్నది గొప్పని తెలియకూడదు. అందుకే మాటని ఇంకెక్కడికైనా మళ్లించాలి. ట్యాంకు గురించో గ్యాస్ బండ గురించో మాట్లాడించి, చేతుల్ని వాటి పని వాటిని చేసుకోనివ్వాలి. చదివేవాళ్లు చాలా తెలివైనోళ్లండీ, తాలు గింజ ఎవరు తిన్నారో వాళ్లే పట్టుకుంటారు. మనం పక్కన నిలబడి వేలు పెట్టి చూపించకపోతే చాలు.

ఈ ఊళ్లో ఇట్లాంటివి చూసేవాళ్లకి చూసినన్ని. నిలబడి తినే దర్శిని హోటళ్లలో బై టూ కాఫీ చూడండి, ఒక కాఫీకి రెండు గ్లాసులు ఇస్తారు. పంచేటప్పుడు నురగ ఏ గ్లాసులోకి పోతోందో గమనించండి. మెట్రోలో మొదటి బోగీ ఆడవాళ్లది. ఆమెని ఆ తలుపు దాకా దిగబెట్టి, తలుపులు మూసుకునేలోపు రెండో బోగీకి లగెత్తే కుర్రాళ్లు రోజూ కనబడతారు. సోమవారం తెల్లారుజామున హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర మన ఊళ్ల బస్సులు ఆగినప్పుడు, హెల్మెట్లు రెండు పట్టుకుని చలికి వణుకుతూ నిలబడి ఉంటాడు ఒకడు. ఆ అమ్మాయి ఆవకాయ డబ్బాతో దిగి "ఎందుకొచ్చావ్, క్యాబ్‌లో వచ్చేదాన్నిగా" అంటే, "ఇటు పనుండి వచ్చాలే" అంటాడు. అంత పొద్దున్నే హెబ్బాళలో ఎవరికి పనుంటుందండీ! ఐ లవ్ యూ కంటే నాకు ఆ అబద్ధమే ఇష్టం.

కానీ ఒక మాట. అన్నింటినీ ఈ లెక్కలో వేసేయకండి. ఆమె ఎక్కడుందో గంట గంటకీ ఫోన్లో లొకేషన్ చూసేవాడు, వద్దన్నా ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాడు మన కథల్లో ఇంకా హీరోగానే తిరుగుతున్నాడు. "ఎంత కేరింగో" అని కామెంట్లు కూడా. నాకు ఒళ్లు మండుతుంది. హెబ్బాళ కుర్రాడిని ఆ అమ్మాయి "నేను క్యాబ్‌లో వెళ్తా" అంటే సరేనని వెళ్లిపోగలగాలి. వెళ్లలేనివాడి గురించి రాయండి, తప్పకుండా రాయాలి, కానీ అది ప్రేమకథ అని పేరు పెట్టొద్దు.

ఇప్పుడు నేను రాస్తున్న కథ సంగతి చెప్తా. మా పై ఫ్లోర్‌లో కర్నూలు జంట ఉన్నారు. వాళ్లని అడిగే చెప్తున్నా, పేర్లు మాత్రం వద్దన్నారు. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ బస్సులు ఉచితం, శక్తి పథకం. అయితే గుర్తింపు కార్డు మీద కర్ణాటక అడ్రస్ ఉండాలి. మనవాళ్లలో చాలామందికి ఇంకా ఊరి అడ్రసే ఉంటుంది. ఈ అమ్మాయిదీ అంతే. బస్సులో ముందు సీటామెకీ వెనక సీటామెకీ సున్నా టికెట్ కొట్టి ఇచ్చిన కండక్టరు, ఈమె ఆధార్ చూసి "ఆంధ్రానా? టికెట్ తగొళ్ళి", తీసుకోండి అన్నాడంట. ఆయన తప్పేం లేదు, రూల్ అది. ఆ టికెట్ డబ్బులు ఈమెకి లెక్కా కాదు. కానీ ఇంటికొచ్చి, "ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, ఈ ఊరికి నేనింకా చుట్టపుచూపే" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయిందంట.

వాళ్లాయన అప్పుడేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఇంటి ఓనరు వెంట పడ్డాడు, రెంటల్ అగ్రిమెంటు రిజిస్టర్ చేయించమని. బెంగళూరులో ఓనర్ని దానికి ఒప్పించడమంటే ఏంటో ఇక్కడ అద్దెకున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అది పట్టుకుని ముందు తన ఆధార్ అడ్రస్ మార్చుకున్నాడు. కుటుంబ పెద్ద అడ్రస్ మీద మిగతావాళ్ల అడ్రస్ ఆన్‌లైన్లో మార్చుకునే వీలు 2023 జనవరి నుంచి ఉంది, చుట్టరికం రుజువు కాగితం ఒకటి పెట్టాలి. ఈయన బీరువాలో పట్టుచీరల అడుగున ఉన్న మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి స్కాన్ చేశాడు. ఇదంతా ఆమెకి తెలియకుండా చేసేద్దామని ఆయన ప్లాను.

అక్కడే దొరికిపోయాడు. ఆమె పేరు మీద లాగిన్ అవ్వాలంటే ఓటీపీ ఆమె ఫోన్‌కే వస్తుంది కదా! రాత్రి పదింటికి, ఆమె అమెరికా వాళ్లతో కాల్‌లో ఉన్నప్పుడు, గుమ్మం దగ్గర నిలబడి "నీకో ఓటీపీ వచ్చింది, చెప్పు" అన్నాడంట. ఆమె మైక్ మ్యూట్ చేసి, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే, ఆరంకెలూ గడగడా చదివేసి మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయింది. ఎందుకని అడగలేదు.

ఇప్పటిదాకా నేను ఈ కథని ఆయన వైపు నుంచే రాస్తూ వచ్చా, ఓనరు, కాగితాలు, తిప్పలు అన్నీ పెట్టి. ఈ ఓటీపీ సంగతి ఆమె నిన్న మెట్ల దగ్గర నవ్వుతూ చెప్పింది. "అయినా ఎందుకు అడుగుతా అక్కా, ఆయన అడిగితే చెప్పాను" అంది. దాంతో రాసిన పేజీలన్నీ పక్కన పడేశా. ఆదివారం ఎపిసోడ్ ఆమె వైపు నుంచి వస్తుంది, ఆ మ్యూట్ బటన్ దగ్గర మొదలవుతుంది.

మీరు మాత్రం మీ ఓటీపీలు ఎవరికీ చెప్పకండి, కట్టుకున్నోళ్లకి తప్ప. వాళ్లకి కూడా కాస్త ఆలోచించే చెప్పండి. ఉంటానండీ, బై!