పాలెగాడు చచ్చిన మర్నాడు

అందరికీ నమస్కారం. తిరుపతిలో నిలబడి వేషం కట్టడం గురించి మాట్లాడాలంటే కొంచెం భయమే. గంగజాతరలో బైరాగి వేషమో తోటి వేషమో వేసి వీధులన్నీ తిరిగినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక వేషం కట్టి, మాటలతో కథ నడిపే ఆట అది. కాగితం, పెన్సిల్, డైస్, నలుగురు మనుషులు, అంతే. కంప్యూటర్‌లో అలా వేషం కట్టి ఆడే గేములు చాలావరకు దాని సంతానమే. తర్వాత కథ అడ్డం తిరిగింది. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ గేము 2002లో టేబుల్ మీద ఆడే పుస్తకంగా వచ్చింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే మరో ఆన్‌లైన్ గేముకీ 2005లో అలాంటి పుస్తకమే వచ్చింది. మనవడి చొక్కా తాతకు తొడిగారన్నమాట.

ఆ చొక్కా నేనూ తొడిగి చూశాను. నాకిష్టమైన ఆన్‌లైన్ గేములోని లెక్కలన్నీ నోట్‌బుక్కులోకి ఎక్కించాను. ఏ దెబ్బకు ఎంత హెల్త్ పోతుంది, ఏ మంత్రం మళ్లీ ఎన్ని సెకన్లకు పనిచేస్తుంది, అన్నీ. ఒక్క ఫైట్‌కే రెండు గంటలు పట్టింది. మావాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. కంప్యూటర్ రెప్పపాటులో చేసే కూడికలు మనిషి చేస్తే అది ఆట కాదు, ఆడిట్!

ఆన్‌లైన్‌లో రాక్షసుడు ఎవరి మీద పడాలో ఒక అంకె చెబుతుంది. మామూలుగా ఎవరు ఎక్కువ కొడితే వాళ్ల మీదికి వస్తాడు. టేబుల్ దగ్గర ఆ అంకె అక్కర్లేదు. 'వీడికి ఎవరి మీద కక్ష?' అని గేమ్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి, ఆలోచిస్తే చాలు.

అసలు చిక్కు చావు దగ్గర ఉంది. ఆన్‌లైన్‌లో మీరు చంపిన దొంగల నాయకుడు కాసేపటికి అక్కడే మళ్లీ లేచి నిలబడతాడు, వెనకొచ్చే వేలమందికీ వాడు కావాలి కాబట్టి. జాతరలో పాలెగాడూ గంగమ్మ చేతిలో ఏటా చస్తాడనుకోండి, అది మొక్కు, దాని సంగతి వేరు. నలుగురే ఆడే ఆటలో మాత్రం చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. వాడి కోట ఎవరిది? వాడి అప్పులెవరు తీరుస్తారు? గేములో ఈ ప్రశ్నలకు జవాబులుండవు, అందుకే మనకు అక్కడ ఖాళీ దొరుకుతుంది. నేను ఊళ్లు, పేర్లు, పాత పగలు మాత్రం ఉంచుకుని, లెక్కలన్నీ 20 ముఖాల డైస్ ఒక్కదానికి అప్పగించాను. పోయిన ఆదివారం మావాళ్లు శిస్తు ఎవరు వసూలు చేయాలని గంటసేపు కొట్లాడుకున్నారు, డైస్ రెండుసార్లే దొర్లింది.

వెనక టేబుల్ మీద డైస్ పెట్టాను. నలుగురు రండి. పాలెగాడు చచ్చిన మర్నాడు తెల్లవారుజాము నుంచి మొదలుపెడదాం.