గ్రాంటు వచ్చింది, అప్లికేషన్ రాసే మనిషేడి?

నమస్కారం. ఒక మున్సిపల్ బడిని ఊహించుకోండి. చలిదేశం, ఆదివారం రాత్రి. తరగతి గదుల్లో ఎవరూ లేరు, కింద బాయిలర్ మాత్రం గదులన్నిటినీ వెచ్చబెడుతూనే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆగేలా టైమర్ పెట్టాలని ఎవరికీ తోచలేదు. బిల్లేమో అకౌంట్స్ సెక్షన్‌కి పోతుంది, బాయిలర్ గది తాళం ఇంకెవరి దగ్గరో ఉంటుంది. ఎవరికివారే యమునాతీరే.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక రూల్ మార్చింది. ప్రభుత్వ సంస్థల సొంత భవనాల్లో, ఏటా కనీసం 3 శాతం విస్తీర్ణాన్ని ఎనర్జీ బాగా తగ్గేలా రెనొవేట్ చేయాలి. 2012లో ఈ రూల్ కేంద్ర ప్రభుత్వ భవనాల వరకే. ఇప్పుడు స్థానిక సంస్థల బడులు, లైబ్రరీలు కూడా లెక్కలోకొచ్చాయి. మంచిదే. కానీ చిన్న మున్సిపాలిటీలో ఇంజనీరు ఒక్కరే అనుకోండి. రోడ్లూ ఆయనవే, డ్రైనేజీ కూడా ఆయనదే. ఏ భవనం ఎంత ఎనర్జీ తింటోందో ఆడిట్ చేయించి, టెండర్ రాసి, ఈ రెనొవేషన్ల కోసమిచ్చే గ్రాంటుకి అప్లై చేసే తీరిక ఆయనకెక్కడిది? గ్రాంటు ప్రకటించి చేతులు దులుపుకుంటే, అప్లికేషన్లు రాసే స్టాఫ్ ఉన్న పెద్ద నగరాలే దాన్ని ఎగరేసుకుపోతాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే నేననేది, ముందు మనిషినివ్వండి. ఫ్రాన్స్‌లో 'ఎకోనోమ్ ద ఫ్లూ' అనే ఉద్యోగముంది. కొన్ని ఊళ్లు కలిసి ఒకరిని పెట్టుకుంటాయి. అన్ని ఊళ్ల బిల్లులూ ఆ మనిషే చదువుతాడు, ఏ భవనం ఎక్కువ తింటోందో పట్టుకుంటాడు. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 2009 నుంచి నడుపుతున్న ఎలీనా పథకమైతే ఆడిట్లు, టెండర్ల తయారీ ఖర్చులో 90 శాతం వరకు భరిస్తుంది. అయితే అది పెద్ద ప్రాజెక్టులకు. చిన్న ఊళ్లు జట్టు కడితేగానీ అందదు.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో చెప్తాను. పాత బాయిలర్ చెడిపోతుంది, హడావిడిగా అదే సైజు కొత్తది బిగిస్తారు. మూడేళ్లకి, వేడి బయటికి పోకుండా గోడలకి ఇన్సులేషన్ పొర వేస్తారు. ఇప్పుడు ఆ గదులకి అంత వేడి అక్కర్లేదు. పెద్ద బాయిలర్ నిమిషానికోసారి వెలుగుతూ ఆరుతూ త్వరగా అరిగిపోతుంది. ముందు గోడలు, కిటికీలు, పైకప్పు. ఆ తర్వాతే మెషిన్ సైజు లెక్కకట్టాలి. కిటికీలు బిగుతుగా మూసేశాక గాలి మార్చే ఏర్పాటు కూడా ఉండాలి. లేదంటే మధ్యాహ్నానికల్లా పిల్లలకి తల బరువెక్కుతుంది, మూలల్లో బూజు పడుతుంది.

ఇక డబ్బు సంగతి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం 1995లో ఒక పద్ధతి మొదలుపెట్టింది, పేరు ఇంట్రాక్టింగ్. నగరం తన సొంత నిధిలోంచే బడికి ఎల్ఈడీ లైట్లకో, పంపుకో డబ్బిస్తుంది. బిల్లులో మిగిలింది ఆ అప్పు తీరేదాకా నిధికే తిరిగొస్తుంది. తిరిగొచ్చిన డబ్బుతో ఇంకో భవనం పని. మిగులు జనరల్ బడ్జెట్‌లో కలిసిపోతే ఆ రెండో భవనానికి నిధి ఉండదు కదా.

మీరు ఇలాంటి ఆఫీసులో పనిచేస్తుంటే, ఈ శుక్రవారం తాళం వేసేటప్పుడు మీటర్ ఫోటో తీయండి. సోమవారం తలుపు తీయగానే ఇంకోటి. ఆ రెండు అంకెలూ పట్టుకుని అకౌంట్స్ వాళ్ల దగ్గరికి వెళ్లండి.