స్పుత్నిక్ చేసిన మనిషి పేరు ఎనిమిదేళ్లు ఎందుకు దాచారు?

[తెరపై: నలుపు తెలుపు దృశ్యాలు. వెనకాల స్పుత్నిక్ బీప్ శబ్దం.]

1957 అక్టోబర్ 4. సోవియట్ యూనియన్ ప్రపంచంలోనే మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని ఎగరేసింది. బరువు 83.6 కిలోలు. అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా జనం రేడియోల దగ్గర చెవులు పెట్టి దాని బీప్ బీప్ విన్నారు.

మరి దీన్ని చేసిందెవరు? అధికారిక ప్రకటన చదివితే జవాబు దొరకదు. పరిశోధన సంస్థలు, డిజైన్ బ్యూరోలు కష్టపడి పనిచేశాయని అందులో ఉంది. పేరు పెట్టి ప్రస్తావించిన శాస్త్రవేత్త, రాకెట్ సిద్ధాంతాలు రాసిన త్సియోల్కోవ్‌స్కీ. ఆయన 1935లోనే చనిపోయాడు. బతికున్న మనిషి పేరు ఒక్కటీ లేదు.

అందరూ సమానం, అంతా సమష్టిది, "నేను" అన్న మాటే నేరం అనే సమాజాలను ఊహించి చాలామంది కథలు రాశారు. ఆ కథల్లో సాధారణంగా తెలివైనవాణ్ని పట్టుకుని అణిచేస్తారు, అక్కడితో అయిపోతుంది. నిజంగా జరిగిన సోవియట్ కథ అంత సులువుగా లేదు. ఆ వ్యవస్థకి ప్రతిభ కావాలి, చాలా కావాలి. ఆ ప్రతిభ ఉన్న మనిషి మాత్రం వద్దు. ఈ రెండింటినీ విడదీయడానికి వాళ్లు ఏమేం చేశారో చూద్దాం.

[తెరపై: సెర్గేయ్ కొరొల్యోవ్ యువకుడిగా ఉన్న ఫోటో.]

ఈయన సెర్గేయ్ కొరొల్యోవ్. 1907లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టాడు. 1930ల మొదట్లో మాస్కోలో ఒక బిల్డింగ్ సెల్లార్‌లో కొందరు కుర్రాళ్లు రాకెట్లు తయారుచేసేవాళ్లు. వాళ్ల సంఘం పేరు గీర్ద్. జీతాలు సరిగా ఉండేవి కావు కాబట్టి ఆ అక్షరాలకి "ఫ్రీగా పనిచేసే ఇంజినీర్ల గుంపు" అని వాళ్లే వేరే అర్థం చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. 1933 ఆగస్టులో వాళ్ల రాకెట్ ఒకటి సుమారు 400 మీటర్లు లేచింది. వాళ్లకి అదే పండగ.

ఆ తర్వాత ప్రభుత్వం వీళ్లని ఒక పెద్ద పరిశోధన సంస్థలో కలిపింది. దానికి అండగా నిలిచింది మార్షల్ తుఖచేవ్‌స్కీ. 1937 జూన్‌లో స్టాలిన్ ఆయన్ని కాల్చి చంపించాడు. ఇక ఆ సంస్థలో అందరికీ టెన్షన్ మొదలైంది. డైరెక్టర్ క్లెయిమెనోవ్, ఆయన తర్వాతి స్థానంలో ఉన్న లాంగెమాక్, ఇద్దరినీ అదే ఏడాది నవంబర్‌లో అరెస్టు చేశారు. 1938 జనవరిలో ఇద్దరినీ కాల్చేశారు. మార్చిలో ఇంజిన్ల నిపుణుడు గ్లుష్కోని తీసుకెళ్లారు. జూన్ 27న కొరొల్యోవ్ వంతు వచ్చింది. సోవియట్ వ్యతిరేక ముఠాలో చేరాడని, కావాలనే పని చెడగొట్టాడని నేరం మోపారు.

ఇక్కడ ఒక మనిషి గురించి కాస్త ఆగి చెప్పాలి. అదే సంస్థలో పనిచేసిన ఆంద్రేయ్ కోస్తికోవ్. అరెస్టయిన సహోద్యోగుల పనిని పరిశీలించి, వాళ్లు తప్పు చేశారని నిపుణుల కమిటీ తరఫున సంతకం పెట్టినవాళ్లలో ఈయనొకడు. కత్యూషా రాకెట్లు తెలుసు కదా, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లను వణికించినవి. వాటి వెనక లాంగెమాక్ పని చాలా ఉంది. జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసిన 1941లో వాటికోసం సోషలిస్ట్ శ్రామిక వీరుడి బిరుదు కోస్తికోవ్‌కి ఇచ్చారు. సొమ్మొకడిది, సోకొకడిది. లాంగెమాక్‌కి అలాంటి బిరుదు 1991లో ఇచ్చారు, చనిపోయిన 53 ఏళ్లకి.

నా దృష్టిలో ఇది యాదృచ్ఛికం కాదు. ఎవరి పనికి వాళ్ల పేరు ఉండని చోట, ఎవరు ఏం చేశారో తేల్చేది పని కాదు, ఫిర్యాదు కాగితం. మంచి ఇంజిన్ చేయడానికి ఏళ్లు పడుతుంది. పక్కవాడి మీద ఫిర్యాదు రాయడానికి ఒక సాయంత్రం చాలు.

[తెరపై: మ్యాప్. మాస్కో నుంచి కొలిమా దాకా గీత.]

విచారణలో కొట్టి కొరొల్యోవ్ చేత ఒప్పించారు. పదేళ్ల శిక్ష. రష్యా తూర్పు చివర కొలిమాలో, మల్ద్యాక్ బంగారు గని. అక్కడ విటమిన్ సి లేక వచ్చే స్కర్వీ జబ్బుతో పళ్లు ఊడిపోయాయి. ఇక్కడ తల్లి మరియా ఊరుకోలేదు, అర్జీల మీద అర్జీలు పెట్టింది. పేరున్న పైలట్లు గ్రోమోవ్, గ్రిజొదూబొవా కూడా అతని తరఫున మాట్లాడారు. కేసు మళ్లీ తెరిచారు. 1940లో రెండోసారి తీర్పు: ఎనిమిదేళ్లు. అయితే ఈసారి గనికి పంపలేదు.

[తెరపై: ఊచల కిటికీ, దాని వెనక డ్రాయింగ్ బోర్డు. బొమ్మ గీసి చూపించాలి.]

ఈసారి పంపింది షరాష్కాకి. ఖైదీలతో నడిచే డిజైన్ ఆఫీసు అన్నమాట. మాస్కోలో విమాన డిజైనర్ టుపొలెవ్ కింద ఒకటి ఉండేది. టుపొలెవ్ కూడా ఖైదీయే. కొరొల్యోవ్ ఇంజినీరింగ్ చదివేటప్పుడు డిప్లొమా ప్రాజెక్టు చేసింది ఈయన దగ్గరే. గురువూ శిష్యుడూ మళ్లీ కలిశారు, ఇద్దరూ జైల్లో.

తిండి గనిలో కంటే ఎన్నో రెట్లు నయం. పడుకోడానికి మంచం, పని చేయడానికి బోర్డు, పక్కనే కాపలా. డ్రాయింగ్ మీద సంతకం పెట్టే హక్కు మాత్రం లేదు. ఒక్కొక్కరికి ఒక నంబర్ స్టాంపు ఇచ్చారు. బొమ్మ గీశాక సంతకం చోట ఆ స్టాంపు వేయాలి. వాళ్లు చేసిన విమానాలకీ నంబర్లే, 100, 103 ఇలా. సోవియట్ విమానానికి డిజైనర్ పేరులోని అక్షరాలు పెట్టే పద్ధతి 1940 చివర్లో వచ్చింది. ఆ 100 నంబర్‌ని డిజైన్ చేసిన పెత్ల్యకోవ్ విడుదలయ్యాక దానికి పె-2 అని పేరొచ్చింది. యుద్ధంలో అలాంటివి 11 వేలకు పైగా తయారయ్యాయి. 103 తర్వాత టు-2 అయింది.

మరి ఈ పద్ధతి పనిచేసింది కదా అని మీకు అనిపించవచ్చు. విమానాలైతే వచ్చాయి, నిజమే. కాల్చేసిన లాంగెమాక్, క్లెయిమెనోవ్ బతికుంటే ఏం వచ్చేదో లెక్క కట్టే దారి లేదు. షరాష్కాని పొగిడేవాళ్లు ఆ వైపు చూడరు.

1944లో కొరొల్యోవ్‌ని వదిలారు. పదమూడేళ్లకి స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12న గగారిన్. ఆ ఏడాది చివర్లో గగారిన్ మన దేశానికి వస్తే చూడటానికి జనం విరగబడ్డారు. ఆయన్ని పైకి పంపిన మనిషి ఎవరో ఆ జనానికి తెలీదు. పత్రికల్లో "ప్రధాన డిజైనర్" అని రాసేవాళ్లు, అంతే. కొరొల్యోవ్ పార్టీ పత్రిక ప్రావ్దాలో వ్యాసాలు రాసినా కింద పేరు "ప్రొఫెసర్ కె. సెర్గేయెవ్" అని ఉండేది. రెండుసార్లు శ్రామిక వీరుడి బిరుదు ఇచ్చారు, ఎవరికీ తెలియకుండా. విదేశీ సభలకి రాకెట్లు చేయని ప్రొఫెసర్ సెదోవ్ వెళ్లేవాడు. పశ్చిమ దేశాల పత్రికలు ఆయన్నే స్పుత్నిక్ పితామహుడు అనుకున్నాయి. అదే సమయంలో అమెరికాలో వెర్నర్ ఫన్ బ్రౌన్ బొమ్మ టైమ్ పత్రిక కవర్ మీద వచ్చింది. హిట్లర్ కోసం రాకెట్లు చేసిన మనిషికి దొరికిన వెలుగు, సొంత దేశంలో జైలుకెళ్లి వచ్చిన మనిషికి దొరకలేదు.

భద్రత కోసం దాచామని ప్రభుత్వం చెప్పుకుంది. అందులో కొంత నిజం ఉండొచ్చు, అవి క్షిపణులు కూడా. ఇంకో వాదన కూడా ఉంది: రాకెట్ ఒక్కడి పని కాదు, వేలమంది టీమ్ అది. ఇదీ నిజమే. ఉదాహరణకి, కొన్ని రాకెట్లని కలిపి గుత్తిగా కట్టే ఆలోచన మీద ఎక్కువ పనిచేసింది కొరొల్యోవ్ సహచరుడు తిఖొన్రావొవ్. అయితే ఆయన పేరు మాత్రం బయటికి చెప్పారా? సమష్టి పేరు చెప్పి ఆ టీమ్‌ని కూడా దాచేశారు. చివరికి క్రెడిట్ పార్టీకి మిగిలింది.

[తెరపై: ఎన్-1 రాకెట్. కింద 30 ఇంజిన్ల వలయం.]

చంద్రుడి దాకా వచ్చేసరికి ఇంకో ఖరీదు బయటపడింది. గుర్తుందా, గ్లుష్కో? ఆయనా కొరొల్యోవ్ ఒకే సంస్థ నుంచి ఒకే ఏడాది అరెస్టయ్యారు. తర్వాత కజాన్ షరాష్కాలో కలిసి పనిచేశారు. చంద్రుడి రాకెట్ ఎన్-1కి ఏ ఇంధనం వాడాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. కొరొల్యోవ్ కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ కావాలన్నాడు, గ్లుష్కో కుదరదన్నాడు. ఇది సాంకేతిక గొడవే, దీన్ని మొత్తంగా జైలు మీదకి నెట్టను. కానీ ఈ వాదన ఏ పత్రికలోనూ రాలేదు, ఏ సభలోనూ బహిరంగంగా జరగలేదు. ఎవరి లెక్క సరైందో బయటి శాస్త్రవేత్తలు చూసి చెప్పే అవకాశమే లేదు. కొరొల్యోవ్ చివరికి విమాన ఇంజిన్లు చేసే కుజ్నెత్సోవ్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మొదటి దశకే 30 ఇంజిన్లు.

1966 జనవరి 14న ఆపరేషన్ టేబుల్ మీద కొరొల్యోవ్ చనిపోయాడు. రెండు రోజులకి ప్రావ్దాలో ఫోటోతో సహా సంతాపం వచ్చింది. సోవియట్ జనం చాలామంది ఆ పేరు మొదటిసారి చదివింది అప్పుడే. ఎన్-1ని 1969 నుంచి 1972 మధ్య నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ విఫలమైంది. 1974లో కొరొల్యోవ్ సంస్థకి అధిపతిగా వచ్చింది గ్లుష్కోయే. రాగానే ఎన్-1ని ఆపేశాడు.

స్పుత్నిక్‌ని మోసిన, కొరొల్యోవ్ కట్టిన ఆర్-7 రాకెట్ మాత్రం ఆగలేదు. 1984లో హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మని పైకి తీసుకెళ్లింది ఆ కుటుంబంలోని రాకెట్టే. ఈ రోజుకీ రష్యా వ్యోమనౌక సోయుజ్ ఆ కుటుంబం రాకెట్ మీదే ఎగురుతోంది.

వచ్చే వీడియోలో ఇదే కాలం నుంచి ఇంకో మనిషి. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించి, 1943లో సరాతోవ్ జైల్లో ఆకలితో చనిపోయిన నికొలాయ్ వవిలోవ్. ఆయన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో, దానివల్ల సోవియట్ పంటలకి ఏమైందో అందులో మాట్లాడుకుందాం.