హైబర్నేట్ మెనీ టు మెనీలో లిస్ట్ పెడితే లోపల ఏం జరుగుతోంది?

నమస్తే అండీ. హైబర్నేట్ అంటే జావా క్లాసుల్ని డేటాబేస్ టేబుళ్లకి కలిపే లైబ్రరీ. అది డేటాబేస్‌కి పంపే SQL కనపడే లాగ్ అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను, ఫోన్‌లో చూసేవాళ్లకీ కనపడాలి.

మన దగ్గర రెండు ఎంటిటీలు, అంటే టేబుల్‌కి జతైన క్లాసులు: స్టూడెంట్, కోర్స్. ఒక స్టూడెంట్‌కి చాలా కోర్సులు, ఒక కోర్సులో చాలామంది స్టూడెంట్లు, అదే మెనీ టు మెనీ. మధ్యలో ఇద్దరి ఐడీలు మాత్రమే ఉన్న జాయిన్ టేబుల్. స్టూడెంట్ క్లాసులో కోర్సులని లిస్ట్‌గా పెట్టి, పైన మెనీ టు మెనీ రాశాను. ఈ అబ్బాయికి ఐదు కోర్సులున్నాయి, ఒకటి మానేస్తున్నాడు. కోడ్‌లో రాసింది ఒక్క రిమూవ్. రన్ చేస్తున్నా, చూడండి.

ఒక డిలీట్. దాని వెనకే ఇన్సర్ట్, ఇన్సర్ట్, ఇన్సర్ట్, ఇన్సర్ట్. నాలుగు! ఆ డిలీట్‌లో వేర్ దగ్గర ఆగండి. స్టూడెంట్ ఐడీ ఒక్కటే ఉంది, కోర్స్ ఐడీ లేదు. అంటే జాయిన్ టేబుల్‌లో ఆ అబ్బాయి రోస్ అన్నీ తుడిచేసి, మిగలాల్సిన నాలుగూ మళ్లీ రాసింది. ఎలకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టడమే ఇది. ఐదు కోర్సులు కాబట్టి సరిపోయింది. అదే ఒక ట్యాగ్‌కి ఐదు వేల పోస్టులుంటే?

ఎందుకిలా చేస్తుందంటే, వరస నంబరు దాచే ఆర్డర్ కాలమ్ లేని లిస్ట్‌ని హైబర్నేట్ బ్యాగ్ అంటుంది. నిజంగా సంచే. కూరగాయల సంచిలో రెండు టమాటాలుంటే ఏది ముందు వేశామో చెప్పలేం కదా. ఒకే కోర్సు రెండుసార్లు ఉండొచ్చు, వరసా లేదు. ఏ రో తీసేయాలో కచ్చితంగా పట్టుకోలేక మొత్తం ఊడ్చేస్తుంది.

ఇప్పుడు లిస్ట్ తీసి, ఒకటే రెండుసార్లు ఉండనివ్వని సెట్ పెడుతున్నా. మళ్లీ రన్. ఒకే ఒక్క డిలీట్, వేర్‌లో రెండు ఐడీలూ ఉన్నాయి. నాకు ఈ లైన్ చూస్తే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే రెండు కోర్సులు ఒకటేనా అని సెట్ తేల్చుకునే మెథడ్స్, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ సరిగ్గా రాయాలి. సేవ్ అయ్యాక వచ్చే ఐడీ మీద హ్యాష్ కట్టకండి, కోర్స్ కోడ్ లాంటి మారనిదాని మీద కట్టండి.

ఇంకో సంగతి. మ్యాప్డ్ బై అంటే ఈ బంధాన్ని అవతలి క్లాసు చూసుకుంటుందని చెప్పడం. అది ఉన్న వైపు మాత్రమే యాడ్ చేస్తే డేటాబేస్‌లోకి ఏదీ వెళ్లదు, ఎర్రరూ రాదు. నేను మొదట్లో ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నా. అందుకే రెండు వైపులా కలిపే చిన్న మెథడ్ ఒకటి రాసుకోండి. ఒకదానికి చేసింది దానితో కలిసినవాటికీ చేసే క్యాస్కేడ్ ఆల్ మాత్రం ఇక్కడ వద్దు. స్టూడెంట్‌ని తీసేస్తే కోర్సుని కూడా తీసేయబోతుంది. మిగతా పిల్లలు అందులోనే ఉన్నారు కదా! వేరే రోస్ వాడుతున్న కోర్సుని తీయనివ్వని డేటాబేస్ నియమం, ఫారిన్ కీ, అడ్డుపడి ఎర్రర్ వస్తే బతికిపోయినట్టే.

ఇక చేరిన తేదీ, గ్రేడ్ లాంటివి ఆ మధ్య టేబుల్‌లో పెట్టాలంటే మెనీ టు మెనీ పనికిరాదు. ఎన్‌రోల్‌మెంట్ అని విడిగా ఎంటిటీ రాసి, రెండు వైపుల నుంచీ వన్ టు మెనీ పెట్టాలి. అలాంటి కాలమ్ ఒక్కటి రావచ్చని అనిపించినా నేను మొదటి రోజే ఎంటిటీ రాసేస్తా. ఆర్నెల్ల తర్వాత మార్చాలంటే, గెట్ కోర్సెస్ పిలిచిన ప్రతి ఫైల్లోనూ చెయ్యి పెట్టాల్సి వస్తుంది.